రేపు మాస్టారు మాట మీద నిలబడిన ఏడాది

ఆ వీధిలో రేపు మాస్టారంటే తెలియనివాళ్ళు లేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు షాపు బోర్డు మీద ఉండేది గానీ, దాన్ని తలెత్తి చదివే తీరిక ఎవరికుంది? కిటికీలకు కర్టెన్లు కుట్టడం ఆయన పని. ఎవరు మెట్లెక్కి వచ్చి "మాది అయిందా?" అని అడిగినా, ఆయన నోట వచ్చే మాట ఒకటే: "రేపు రండి." వాళ్ళు మర్నాడు వచ్చేవారు. మళ్ళీ రేపే. చెప్పులరిగేలా తిరిగి తిరిగి, ఎవరో కడుపుమండి పెట్టిన పేరది. ఆయనేం నొచ్చుకోలేదు. వీధి మొదట్లో ఎవరైనా "రేపు మాస్టారి షాపెక్కడండీ?" అని వాకబు చేస్తుంటే, ఆయనే మెట్ల మీదికొచ్చి చెయ్యెత్తి పిలిచేవారు.

అలాగని బద్ధకస్తుడంటే అన్యాయం. పొద్దున్నే షట్టరెత్తితే పొద్దుగూకేదాకా ఆయన చేతులు ఖాళీగా ఉండేవి కావు. చిక్కంతా కిటికీల దగ్గరే వచ్చేది. కొలతల కోసం ఎవరింటికో వెళతారు. టేపు తీసి కిటికీ ముందు నిలబడతారు. ఇక కాళ్ళు అక్కడే పాతుకుపోతాయి. ఈ గదిలోకి పొద్దుటి వెలుతురు ఏ మూల నుంచి వస్తుంది, మధ్యాహ్నానికి ఆ మంచం దాకా పాకుతుందా, గాలి తోస్తే గుడ్డ లోపలికి ఉబ్బుతుందా, లేక ఊచలకు అంటుకుపోతుందా, ఈ ఇంటావిడ కూరలు తరుగుతూ తలెత్తితే ఏం చూస్తుంది... ఇవన్నీ ఆయన కళ్ళ ముందు ఆడేవి. షాపుకొచ్చి మిషన్ ముందు కూర్చున్నా ఆ కిటికీ వెంటే వచ్చేది. లేత నీలం గుడ్డ తీసి వెలుతురుకు పట్టి చూసేవారు. కాదనిపించేది. పొగమంచు రంగుది తీసేవారు. దాన్నీ చాలాసేపు అలా చేతుల మీద వేసుకుని నిలబడేవారు. వీధిలో వెళ్ళేవాళ్ళకు ఆయన పసిబిడ్డనెవరినో నిద్రపుచ్చుతున్నట్టు కనిపించేవారు. ఈలోగా ఇంకెవరో పిలిచేవారు. ఇంకో ఇల్లు, ఇంకో కిటికీ, ఇంకో కల. పాత కిటికీ తాలూకు గుడ్డ సగం కుచ్చులతో మూటలోకి చేరి, కత్తిరించే బల్ల కింద పడుకునేది.

ఆయనకింకో అలవాటుంది. కొత్త సంవత్సరం మొదటి ఆదివారం షాపులోని గుడ్డ తానులన్నీ బయటికి లాగి, దుమ్ము దులిపి, బల్ల తుడిచి, ఆ సాయంత్రం భోజనం దగ్గర ఈ ఏడాది వ్యాపారం ఎంత దూరం వెళ్ళాలో ప్రకటించేవారు. ఒక ఏడాది రెండో షాపు. ఒక ఏడాది మోటారు మిషన్లు, వాటి మీద కూర్చోడానికి మనుషులు. ఇంకో ఏడాది ఏకంగా ఊళ్ళో ఏ వీధిలోకెళ్ళినా తన చేతి గుడ్డ ఒక్కటైనా గాలికి ఊగుతూ కనిపించాలన్నారు. చెబుతుంటే ఆయన మొహం వెలిగిపోయేది. వినేవాళ్ళకు కూడా ఆ వీధులూ, ఆ ఊగే గుడ్డలూ కనిపించేవి.

ఆయన భార్య బస్ డిపోలో టికెట్ల కౌంటర్ దగ్గర పని చేసేది. బస్సెప్పుడొస్తుంది, బస్సెందుకు రాలేదు అని అడిగేవాళ్ళకు రోజంతా జవాబు చెప్పి ఇంటికొచ్చే మనిషి. "అలాగే కానివ్వండి, ముందా గిన్నె ఇలా జరపండి," అనేది. రెండో నెల వచ్చేసరికి ఆ ప్రకటన అందరికంటే ముందు ఆయనే మర్చిపోయేవారు. ఆవిడ గుర్తు చేసేది కాదు. గుర్తు చేస్తే ఆయన మొహం చిన్నబోతుంది, అది చూడడం ఆవిడకిష్టం లేదు.

అలా జరిగిపోతుండగా అత్తగారు వాళ్ళింటికొచ్చి ఉండడం మొదలుపెట్టింది. జీవితంలో సగం ఆవిడ రొట్టెల బట్టీలోనే గడిపింది. మోకాళ్ళు మొరాయించాక పని మానేసి కూతురి దగ్గరికి వచ్చేసింది. షాపు వెనక రెండు గదులే ఇల్లు. ఆవిడ కుర్చీ షాపుకూ ఇంటికీ మధ్య గుమ్మంలో పడింది. అక్కడ కూర్చుంటే ఒక కంటికి పొయ్యి, ఇంకో కంటికి వీధి కనిపించేవి. ఆవిడ ఎక్కువ మాట్లాడేది కాదు. వచ్చినవాళ్ళను చూసేది, వాళ్ళు వెళ్ళేటప్పుడు మళ్ళీ చూసేది.

ఆవిడ వచ్చాక వచ్చిన మొదటి కొత్త సంవత్సరంలో, మొదటి ఆదివారం నాడు మాస్టారు ఎప్పటిలాగే గొంతు సవరించుకున్నారు. "ఈ ఏడాది హోటళ్ళు పట్టాలి. ఒక్కో హోటల్‌కి ఎన్ని గదులుంటాయి, ఎన్ని కిటికీలుంటాయి, ఆలోచించండి," అన్నారు.

అత్తగారు నెమ్మదిగా నమిలి, మింగి, "చాలా బాగుంది బాబూ," అంది. తర్వాత అడిగింది, "మరి బల్ల కింద మూటలు ఎవరివి?"

మాస్టారు నీళ్ళు నమిలారు. "అవా... అవి అయిపోవచ్చాయి అత్తయ్యా."

"పోయిన నెల్లోనూ అయిపోవచ్చాయన్నారు."

"మీకు తెలీదు అత్తయ్యా. ఇది రొట్టెలాంటిది కాదు. తెల్లారేసరికి రొట్టె లేకపోతే జనం పస్తుంటారు. కర్టెన్ లేదని పస్తున్నవాళ్ళెవరైనా ఉన్నారా?"

ఆవిడ వాదించలేదు. "అదీ నిజమే," అని చెయ్యి కడుక్కోడానికి లేచింది. కానీ ఆ రాత్రి పడుకునే ముందు మాస్టారికి ఎందుకో ఆ మూటలు మనసులో మెదిలాయి. మర్నాడు షట్టరెత్తగానే వంగి, చేతికి అందిన మొదటి మూట బయటికి లాగారు. ముదురు రంగు మందపాటి గుడ్డ, వెనక లైనింగ్ కూడా వేసి ఉంది. అంచు ఒక్కటే మిగిలింది. ఎవరిదో గుర్తొచ్చింది. గిడ్డంగి దగ్గర రాత్రి కాపలా కాసే వాచ్‌మన్‌ది. ఎండలు మొదలవుతుండగా అడిగాడు. వానలొచ్చి వెళ్ళిపోయాయి, చలి కూడా వచ్చేసింది. ఆ మనిషి మొదట్లో నాలుగైదుసార్లు తిరిగి, తర్వాత రావడం మానేశాడు.

మాస్టారు గబగబా అంచు కుట్టి, ఇస్త్రీ చేసి, భుజాన వేసుకుని, కడ్డీ, రింగులు చేతబట్టుకుని బయల్దేరారు. మూడంతస్తుల పాత మేడ. పైన ఒక్కటే గది. తలుపు తడితే చాలాసేపటికి తెరుచుకుంది. వాచ్‌మన్ కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. పెద్దవయసు మనిషి. మాస్టారిని చూసి ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాడు.

"ఓహో, మీరా," అన్నాడు చివరికి. "రేపొస్తారనుకున్నా. ఇవాళే వచ్చేశారే."

అందులో ఎత్తిపొడుపు లేదు. అదే మాస్టారికి ఎక్కువ గుచ్చుకుంది.

గదంతా వెలుతురుతో మండుతున్నట్టుంది. తూర్పు వైపు పెద్ద కిటికీ. దానికి వార్తాపత్రికలు అతికించి ఉన్నాయి. అవి ఎండకు పచ్చబడి, అక్కడక్కడ చిరిగి, ఆ చిరుగుల్లోంచి వెలుతురు బాకుల్లా మంచం మీదికి దిగుతోంది. మంచాన్ని ఆ మూల నుంచి ఈ మూలకు లాగిన గీతలు నేల మీద కనిపిస్తున్నాయి. వెలుతురు ఎటు వస్తే దానికి దూరంగా మంచం జరుపుకుంటూ నెట్టుకొచ్చాడన్నమాట.

"పగలు పడుకుంటేనే కదండీ రాత్రి మెలకువగా ఉండేది," అన్నాడు వాచ్‌మన్ ఎవరి గురించో చెబుతున్నట్టు. "మొన్న కూర్చున్నచోటే కునుకు పట్టింది. సూపర్‌వైజర్ చూశాడు. మంచివాడు కాబట్టి ఊరుకున్నాడు."

మాస్టారు స్టూలెక్కి కాగితాలు ఊడదీశారు. కడ్డీ బిగించారు. రింగులు ఒక్కొక్కటీ తొడిగి గుడ్డను లాగారు. గదిలోకి చీకటి దిగింది. అది మామూలు చీకటి కాదు, చల్లగా, మెత్తగా, నీళ్ళలోకి దిగినట్టుంది. బయట వీధిలో సైకిల్ బెల్లు కూడా దూరం జరిగిపోయినట్టు వినిపించింది. మాస్టారు స్టూలు మీదే నిలబడి కుచ్చులు సర్దుతున్నారు. "ఇటువైపు ఇంకాస్త లాగమంటారా?" అని అడిగారు. జవాబు రాలేదు. తిరిగి చూస్తే వాచ్‌మన్ మంచం అంచున కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగి నిద్రపోయాడు. కాళ్ళకు చెప్పులు కూడా అలాగే ఉన్నాయి.

దిగితే స్టూలు కిర్రుమంటుంది. మాస్టారు దిగలేదు. ఆ చీకట్లో, చేతిలో గుడ్డ అంచు పట్టుకుని, ఒక ముసలాయన ఊపిరి పీల్చి వదలడం వింటూ నిలబడిపోయారు. ఎంతసేపో ఆయనకే తెలీదు. ఇన్నేళ్ళుగా ఆయన ఎన్నో కిటికీల గురించి కలలు కన్నారు. ఆ కలల్లో వెలుతురుండేది, గాలుండేది, రంగులుండేవి. అవతల ఒక మనిషి మంచం ఈడ్చుకుంటూ తిరుగుతున్నాడన్నది ఏ కలలోనూ లేదు.

ఇంటికొచ్చి నేరుగా గుమ్మంలో అత్తగారి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నారు. "పస్తున్నవాళ్ళున్నారు అత్తయ్యా," అన్నారు. జరిగిందంతా చెప్పారు.

సాయంత్రం భార్య డిపో నుంచి వచ్చాక మాస్టారు మళ్ళీ గొంతు సవరించుకున్నారు. ఈసారి మొహం వెలగలేదు. "హోటళ్ళ మాట వదిలెయ్యండి. ఈ ఏడాది ఒక్కటే. చెప్పిన రోజుకి ఇవ్వడం. అంతే."

భార్య చెయ్యి తుడుచుకుంటూ ఆయన వైపు చూసింది. "అసలు ఒక కిటికీకి ఎన్నాళ్ళు పడుతుందో మీకు తెలుసా?"

తెలీదు. అదే విచిత్రం. సగం వయసు ఆ మిషన్ మీద గడిచింది, ఒక్క కిటికీకి ఎన్నాళ్ళు పడుతుందో ఆయనకు తెలీదు. రేపు అనేవారు, అంతే.

"ముందు పాతవి తేల్చండి. అప్పుడు తెలుస్తుంది," అంది అత్తగారు.

ఆ మూటలు తేలేసరికి రెండో నెల కూడా గడిచిపోయింది. అన్నాళ్ళూ కొత్త పని ఒక్కటీ ఒప్పుకోలేదు. ఒక్కో మూట పట్టుకుని ఒక్కో ఇంటికి వెళుతుంటే మాస్టారికి తల కొట్టేసినట్టుండేది. కొందరు తలుపు దగ్గరే తిట్టారు. ఒకావిడ "మేం ఈ ఇంటికి వచ్చి ఏడాదైంది, మీరు చెప్పేది ముందున్నవాళ్ళ గురించేమో" అంది. మూట తిరిగి తెచ్చుకున్నారు. ఇంకొకరింట్లో ఆ గుడ్డ అడిగిన పాపాయి పెరిగి పెద్దదై, ఏనుగు బొమ్మలున్న కర్టెన్ తనకొద్దని ఏడ్చింది. ఈ తిరుగుడంతా అయ్యాక ఆయనకు రెండు సంగతులు తెలిశాయి. కుట్టడానికి పట్టే కాలం కొంచెమే. గుడ్డ చేతుల మీద వేసుకుని నిలబడే కాలం దానికి రెండింతలు.

"అది మానెయ్యాలి," అన్నారు దృఢంగా.

అత్తగారు నవ్వింది. ఆవిడ నవ్వడం అరుదు. "మానలేరు బాబూ. మానితే మీరు కుట్టింది ఇంకెవరో కుట్టినట్టుంటుంది. ఆ నిలబడే రోజులు కూడా కలిపి చెప్పండి వాళ్ళకి. ఎవరొద్దన్నారు?"

ఇంత తేలికైన మాట ఇన్నేళ్ళూ ఎవరికీ తట్టలేదు. కుట్టే రోజులు ఇన్ని, కల కనే రోజులు ఇన్ని, ఏదైనా అడ్డమొస్తే పనికొస్తుందని పైన ఒకటి. మొత్తం కలిపి తారీఖు చెప్పాలి. చెప్పిన తారీఖు చీటీ మీద రాసి గుడ్డకే గుచ్చాలి. నెలాఖరు మధ్యాహ్నం అత్తగారు బల్ల దగ్గరికి కుర్చీ జరిపించుకుని అడుగుతుంది: ఎవరికేం చెప్పారు, ఎవరికి అందింది, అందకపోతే ఎక్కడ ఆగింది. తిట్టదు. ఎక్కడ ఆగిందో వినేదాకా మాత్రం లేవదు.

మొదట వచ్చింది పై వీధిలో ఉండే స్కూలు టీచరు. వంటింటి కిటికీకి చిన్న గుడ్డ కావాలంది. మాస్టారు తారీఖు చెప్పారు. ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది.

"అన్ని రోజులా? పోయినసారి రేపే ఇస్తానన్నారుగా?"

"పోయినసారి రేపని చెప్పి ఎప్పుడిచ్చానండీ?"

టీచరు ఆలోచించింది. "మా వాడు ఒక తరగతి పాసయ్యాడు."

"మరి?"

ఆవిడకు నవ్వాగలేదు. కొలతలు ఇచ్చి వెళ్ళింది. అందరూ అలా నవ్వలేదు. చాలామంది తారీఖు విని, "ఆలోచించి చెబుతాం," అని మెట్లు దిగేవారు. వాళ్ళు ఎక్కడికెళతారో మాస్టారికి తెలుసు. మార్కెట్ దగ్గర ఇంకో షాపుంది. అక్కడా "రేపే" అంటారు. ఆ మాటలో ఎంత తీపి ఉందో ఆయనకంటే ఎవరికి బాగా తెలుసు? "రేపిస్తాను" అన్నమాట నాలిక చివరిదాకా వచ్చేది. ఆయన పెదాలు బిగించుకుని, సుద్దముక్కతో బల్ల మీద పిచ్చిగీతలు గీసేవారు. మనిషి వీధి మలుపు తిరిగాక ఊపిరి వదిలేవారు.

కొన్నాళ్ళకు ఆయన్ని ఏదో దిగులు పట్టుకుంది. పెద్దపెద్ద మాటలు చెప్పుకునే రోజుల్లో ఉన్న హుషారు ఈ చిన్న మాటలో లేదు. రెండో షాపు గురించి అనుకుంటే మనసు ఎగిరేది. తారీఖు గురించి అనుకుంటే మనసు నేల మీదే నడవాలి. మధ్యాహ్నం పూట ఎండ షాపులోకి పడి, తానుల రంగులు నేల మీద నీళ్ళలా పరుచుకున్నప్పుడు, ఆయనకు మిషన్ తొక్కుతూనే ఎక్కడెక్కడికో పోయినట్టుండేది. సూది ఒక్కటే ఆగకుండా ఆయన్ని ఈ లోకానికి కుట్టి ఉంచేది.

తప్పలేదని కాదు. జ్వరంతో పడుకున్న వారం ఒకరికి ఆలస్యమైంది. ఇంకోసారి, వాన వెలిసిన సాయంత్రం ఎదురింటి గోడ మీద పడ్డ వెలుతురు ఒక విచిత్రమైన రంగులో ఉంటే, అది ఏ గుడ్డలో ఉందో వెతుకుతూ రెండు రోజులు పోగొట్టుకున్నారు. నెలాఖరున అత్తగారు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పారు. "దొరికిందా ఆ రంగు?" అని అడిగింది ఆవిడ. లేదన్నారు. "ఆ ఇంటివాళ్ళకి ముందే వెళ్ళి చెప్పారా, ఆలస్యమవుతుందని?" చెప్పానన్నారు. అంతటితో లేచింది.

వీధిలో ఎవరూ పేరు మార్చలేదు. రేపు మాస్టారు రేపు మాస్టారే. కాకపోతే టీచరు తన స్నేహితురాలితో చెబుతుండగా ఆయన చెవిన పడింది: "రేపు మాస్టారు ఈ నెల ఇరవై అన్నారంటే, పందొమ్మిదినే కడ్డీ తుడిచి పెట్టుకోవచ్చు." ఆ మాటకు ఆయన పొంగిపోలేదు. నిలబడి రెండోసారి మనసులో అనుకున్నారు, అంతే.

సరిగ్గా అలాంటప్పుడే నాటకాల హాలు మేనేజరు వచ్చాడు.

కుర్రతనంలో కుట్టుపని నేర్చుకుంటున్నప్పుడు మాస్టారు ఆ హాల్లో ఒక నాటకం చూశారు. కథేమిటో అప్పుడే మర్చిపోయారు. తెర లేచిన క్షణం మాత్రం జీవితమంతా గుర్తుండిపోయింది. అంత పెద్ద గుడ్డ, అంత బరువైన ఎరుపు, నిట్టూర్చినట్టు చప్పుడు చేసి పక్కకు తప్పుకుంది. దాని వెనక ఒక లోకం ఉంది. అలాంటి తెర ఒక్కటి తన చేత్తో కుట్టాలని ఆయనకు అప్పటినుంచీ ఉండేది. అది ఏ ఏడాది ప్రకటనలోనూ చెప్పలేదు. చెప్పేంత చిన్న కోరిక కాదది.

ఇన్నేళ్ళు మూతపడ్డ హాలు మళ్ళీ తెరుస్తున్నారట. మేనేజరు మఖమల్ గుడ్డ ముక్క బల్ల మీద పెట్టాడు. దానిమ్మ గింజ ఎరుపు. "గుడ్డంతా తెప్పించేశాం మాస్టారూ. మీ గురించి ముగ్గురు చెప్పారు, మాట మీద ఉంటారని. వచ్చే నెల మొదటి శనివారం ఆట. ఆ లోపల తెర కట్టాలి."

మాస్టారు ఆ ముక్క మీద అరచెయ్యి పెట్టారు. ఒకవైపు నిమిరితే నల్లగా, ఇంకోవైపు నిమిరితే మంటలా మారుతోంది. తర్వాత తలెత్తి, గోడకు వరసగా వేలాడుతున్న చీటీలున్న గుడ్డల వైపు చూశారు. ఒకటి దంతవైద్యుడి గదికి. ఒకటి అద్దెకి కొత్తగా దిగిన జంటకి. ఇంకొకటి నెలలు నిండిన ఒకమ్మాయి గదికి. అన్నీ వచ్చే నెల మొదటి శనివారంలోపలే.

"ఇంకో పక్షం రోజులు ఆగగలరా మేనేజరు గారూ?"

"టికెట్లు అమ్మేశామండీ."

"రేపు చెబుతాను," అన్నారు మాస్టారు. అని, తనలో తానే తడబడి, "రేపు పొద్దున్న నేనే వచ్చి చెబుతాను," అని సరిదిద్దుకున్నారు.

ఆ సాయంత్రం భోజనం దగ్గర ఆయన సంగతంతా చెప్పారు. భార్యే ముందు నోరు విప్పింది. "ఆ ముగ్గురింటికీ నేను వెళతాను. ఒక వారం జరపమని అడుగుతాను. ఒప్పుకుంటారు. మీరు అడగలేరు గానీ నేను అడుగుతాను."

మాస్టారు ఆశ్చర్యంగా అత్తగారి వైపు చూశారు. ఆవిడైనా కసురుతుందనుకున్నారు. ఆవిడ తలదించుకుని మోకాలు నిమురుకుంటోంది. "ఈ ఒక్కసారికీ ఏం కాదు బాబూ," అంది చిన్నగా. "మళ్ళీ మళ్ళీ వచ్చేది కాదుగా. నేనూ బట్టీలో ఎన్నోసార్లు రొట్టె మాడ్చాను."

"మాడ్చారు అత్తయ్యా. అంతే గానీ తెలిసి తెలిసి రొట్టె వెయ్యకుండా ఇంటికి పోలేదుగా."

ఆయన లేచి షాపులోకి వెళ్ళారు. ఇంకా కాస్త పగటి వెలుతురు మిగిలి ఉంది. మఖమల్ ముక్క బల్ల మీద ఉంది. స్టూలు మీద కూర్చుని దాన్ని చూస్తూ ఆ తెరంతా మనసులోనే కుట్టారు. గుడ్డలు వెడల్పుగా పరిచారు. మెరుపు అంతా ఒకే వైపుకు వాలేలా ముక్కలు జత చేశారు. కుచ్చులు లోతుగా పెట్టారు, మనిషి దాక్కుంటే కనిపించనంత లోతుగా. కింద అంచులో గొలుసు పోసి బరువు పెట్టారు. పైకెత్తి కట్టారు. హాలంతా చీకటైంది. జనం సద్దుమణిగారు. తెర నిట్టూర్చింది. అది తెరుచుకునే సమయానికి షాపులో కూడా చీకటి పడింది. అప్పుడాయన లేచి, దీపం వేసి, నెలలు నిండిన అమ్మాయి గది గుడ్డ తీసుకుని అంచు మడవడం మొదలుపెట్టారు.

పొద్దున్నే హాలుకెళ్ళి, ముక్క మేనేజరు చేతిలో పెట్టి, "కుదరదండీ," అన్నారు. కారణం చెప్పారు. మేనేజరు విసుక్కున్నాడు. నెలలు నిండినవాళ్ళకి కర్టెన్ ఏమిటని కూడా అన్నాడు. అతని మాట కూడా కాదనలేనిదే. మాస్టారు దండం పెట్టి వచ్చేశారు. దారిలో ఎవరు పలకరించినా వినిపించలేదు.

ఆ మొదటి శనివారం భార్య మూడు టికెట్లు తెచ్చింది. ఆయన వెళ్ళనన్నారు. "టికెట్లమ్ముకునేదాన్ని, టికెట్టు పారేస్తే నాకు నిద్ర పట్టదు," అందావిడ. వెళ్ళారు. అత్తగారిని మెట్ల దగ్గర చెరోవైపు పట్టుకుని ఎక్కించారు. మార్కెట్ దగ్గరి షాపువాడు కుట్టాడట ఆ తెర. మాస్టారు కూర్చుని దాన్ని పైనుంచి కిందికి చూశారు. తప్పు దొరికితే బాగుండునని ఒక మూల అనిపించింది. దొరకలేదు.

"ఎలా ఉంది?" భార్య చెవిలో అడిగింది.

"బాగానే కుట్టాడు," అన్నారు.

దీపాలారిపోయాయి. తెర కదిలింది. ఆ బరువైన ఎరుపు మెల్లగా చీలి, వెనక నుంచి నీలిరంగు వెలుతురు సన్నని గీతలా, తర్వాత ఏరులా, ముందు వరసల మొహాల మీదికి వచ్చింది. మాస్టారి కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. దుఃఖమో మరోటో ఆయనకే తెలీదు. భార్య ఆయన చెయ్యి పట్టుకుంది. అటుపక్క అత్తగారు నోరు తెరుచుకుని చూస్తోంది. రొట్టెల బట్టీలో బతుకు గడిచినావిడ, తెర లేవడం అదే మొదటిసారి చూడడం. విరామంలో కూడా ఆవిడ కుర్చీలోంచి కదలలేదు. "మళ్ళీ లేస్తుంది కదా?" అని రెండుసార్లు అడిగింది.

ఆ తర్వాత ఆ ఏడాది గొప్పగా ఏమీ జరగలేదు. రోజులు ఒకదాని వెనక ఒకటి కుచ్చుల్లా వచ్చి చేరాయి. మాస్టారు తారీఖులు చెప్పారు, ఇచ్చారు, ఒకటో రెండో తప్పారు, ముందే వెళ్ళి చెప్పి వచ్చారు. బల్ల కింద ఇప్పుడు మూటలు లేవు. ఖాళీ ఉందని అత్తగారు అక్కడ కాళ్ళు చాపుకునేది. హాలు మేనేజరు మళ్ళీ రాలేదు.

మళ్ళీ కొత్త సంవత్సరం వచ్చింది. మొదటి ఆదివారం తానులు దులిపారు, బల్ల తుడిచారు. భోజనం దగ్గర ఆడవాళ్ళిద్దరూ ఆయన వైపు చూశారు. ఆయన తలొంచుకుని తింటున్నారు.

"ఈ ఏడాదికేం లేదా?" అంది భార్య.

"అదే."

"ఏది?"

"అదే మళ్ళీ. ఇంకా చేతికి పూర్తిగా పట్టుబడలేదు. ఇంకో ఏడాది చూద్దాం."

అత్తగారు తలూపి గిన్నె తన వైపు జరుపుకుంది. భార్య మాత్రం "అయితే నాదొక పని ఒప్పుకోండి," అంది. "మన గది కిటికీకి ఇన్నేళ్ళూ పాత దుప్పటే వేలాడుతోంది. నేనెప్పుడూ అడగలేదు. రేపంటారని."

మాస్టారు చెయ్యి కడుక్కుని, టేపు తీసుకుని గదిలోకి వెళ్ళారు. ఆవిడ వెనకే వెళ్ళింది. ఆయన దుప్పటి తీసేశారు. సాయంకాలపు ఎండ నేరుగా మంచం మీద ఆవిడ పడుకునే వైపున పడింది, దిండు మీద, దువ్వెన మీద, మడిచిపెట్టిన డిపో చొక్కా మీద. ఇంట్లో ఉన్న ఒక్క కిటికీ ఇదే, దీని ముందు ఆయన ఏనాడూ నిలబడలేదు. టేపు చేతిలోనే ఉండిపోయింది. పావురమేదో చూరు మీద నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ తొందరపెట్టలేదు. కౌంటర్ దగ్గర ఎదురుచూసేవాళ్ళను రోజూ చూసేదే, ఇవాళ తనే మంచం మీద కూర్చుని ఎదురుచూసింది.

చాలాసేపటికి ఆయన తారీఖు చెప్పారు.

"అంత దూరమా?" అందావిడ. "టీచరు గారికి ఇంతలో సగానికే ఇచ్చారుగా."

"కుట్టడం అంతే పడుతుంది," అన్నారాయన కిటికీ వైపు నుంచి తిరక్కుండానే. "పొద్దున్న నువ్వు లేచేటప్పుడు ఇక్కడ ఏ వెలుతురుంటుందో నాకు తెలీదు. కొన్నాళ్ళు చూడాలి."